ముట్టుకుంటే కదపాలి

ఆ మే నెలలో మా నాన్న ఆరు చదరంగం ఆటలు ఆడాడు. ఆరింటికీ నేనే పక్కన కూర్చుని ఎత్తులు రాశాను. మొదటి ఐదింటిలో ఏం జరిగిందో కాగితాలు తీసి చూస్తే తప్ప గుర్తు రాదు. ఆరోది కాగితం లేకుండా చెప్పగలను. ముఖ్యంగా మొదటి రెండెత్తులు.

నాన్న పేరు శ్రీరామ్మూర్తి. గాజువాక అవతల ఒక ప్రైవేటు ఉక్కు యార్డులో క్రేన్ ఆపరేటరు. ఇనుప చువ్వల కట్టలు లారీల మీదికి ఎత్తిపెట్టడం ఆయన పని. అదే క్రేన్ కింద రిగ్గరుగా జాన్‌బాబు మావయ్య ఉండేవాడు. కట్టకి స్లింగు తాళ్ళు తగిలించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, పక్కకి తప్పుకుని, చేత్తో సైగ చేసేవాడు. ఆ సైగ చూశాకే నాన్న లీవరు కదపాలి. యార్డులో రొదకి మాట వినపడదు కాబట్టి పద్నాలుగేళ్ళు వాళ్ళిద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. మావయ్యది ఎడమచేతి వాటం. ఆ చెయ్యి పైకి లేచిందంటే కట్ట లేచేది.

మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అనుకుంటే, మాకు మావయ్య అయిపోయాడు. ఆదివారం చర్చి అవగానే తెల్ల చొక్కా మార్చుకోకుండా నేరుగా దువ్వాడలో మా ఇంటికి వచ్చేవాడు. మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో చాప వేసుకుని ఇద్దరూ చదరంగం ఆడేవారు. ఆడిన దానికన్నా తగువులాడుకున్నదే ఎక్కువ. నాన్నది చోడవరం దగ్గర మా ఊళ్ళో నేర్చుకున్న ఆట. అందులో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది, రాజుకి మాత్రం ఆట మొత్తమ్మీద ఒక్కసారి గుర్రంలా గెంతే హక్కుంది. మావయ్యది మిషన్ హాస్టల్లో నేర్చుకున్న ఆట.

“మీ ఊళ్ళో రాజు గుర్రమెక్కి పారిపోతాడేటి బావా?” అనేవాడు మావయ్య.

“ఒక్కసారే బావా. పేనమ్మీదికొచ్చినప్పుడు. ఆ గెంతు వాడీసేక మరి నేదు.”

“మా హాస్టల్లో ఇలాగ గెంతితే వార్డెను కర్ర తీసీవోడు.”

ఒక ఆదివారం ఊరి ఆట, ఒక ఆదివారం హాస్టలు ఆట అని ఒప్పందం చేసుకున్నారు గానీ, ఈ ఆదివారం ఏ ఆటో తేల్చుకోవడానికే అరగంట పట్టేది. నేను బట్టలు ఆరేస్తూ, తీస్తూ వినేదాన్ని. అలా విని విని నాకూ రెండు ఆటలూ వచ్చేశాయి.

నాన్నకి ఒక అలవాటుండేది. ఏ పని మొదలుపెట్టినా, దేంతో పని చేస్తాడో దాన్ని వేళ్ళతో ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. పొద్దున్నే బండి హేండిలు. కేబిన్ ఎక్కాక లీవరు. చదరంగంలో రాజు. భక్తి అని కాదు, దాని గురించి ఆలోచించి చేసేవాడూ కాదు. మనం గుమ్మం దాటేటప్పుడు కాలు ఎత్తినట్టు అది జరిగిపోయేది.

కిందటేడు ఆగస్టులో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక కట్ట దగ్గర స్లింగు ఒక్కసారిగా బిగుసుకుంది. అప్పటికి మావయ్య ఎడమ చెయ్యి తాడుకీ కట్టకీ మధ్య ఉంది. మూడు వేళ్ళు పోయాయి. చిటికెన వేలూ బొటనవేలూ మిగిలాయి.

యార్డువాళ్ళు ఇద్దరినీ జరిగింది రాతపూర్వకంగా ఇమ్మన్నారు. నాన్నకి సంతకం తప్ప రాయడం అంతగా అలవాటు లేదు. నేను ఊరి బడిలో పదో తరగతి వరకు చదివినదాన్ని, దస్తూరీ బాగుంటుందని మా మాస్టారు అందరికీ చూపించేవారు. సాయంత్రం ఆరింటికి నన్ను కూర్చోబెట్టి నాన్న చెప్పాడు.

“నాను లీవరు ముట్టుకోనేదు అని రాయి.”

నేను దాన్ని ‘నేను లీవరును ముట్టుకోలేదు. కింద కట్ట జరగడం వల్ల స్లింగు బిగుసుకుని ఉండవచ్చు’ అని దిద్ది రాశాను. రెండోసారి చదివి వినిపిస్తున్నప్పుడు ఆయన కుడిచెయ్యి చంక కింద పెట్టుకుని కూర్చున్నాడు. అది చూశాను. ఏమీ అడగలేదు.

మావయ్య తన కాగితంలో ఏం రాశాడో మాకు తెలీదు. నాకేమీ గుర్తు లేదని రాశాడని యార్డులో అనుకున్నారు. చివరికి స్లింగు సరిగ్గా తగిలించకపోవడం రిగ్గరు తప్పు అని రిజిస్టరులో రాసి ఆయన్ని పనిలోంచి తీసేశారు. దువ్వాడలోనే, స్టేషనుకి అవతలి వైపు ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. నాన్న ఆస్పత్రికి ఒక్కసారి వెళ్ళాడు. మావయ్య భార్య కృపావతి అత్తతో కాసేపు వరండాలో కూర్చుని, లోపలికి వెళ్ళకుండానే వచ్చేశాడు. ఆ క్రిస్మస్‌కి వాళ్ళింటి నుంచి కేకు రాలేదు. అమ్మ మాత్రం రోజంతా గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూసింది.

చదరంగం బల్ల అటక ఎక్కింది. ఇంకొకటి కూడా ఆగిపోయింది. నాన్న ఇప్పుడు బండి హేండిలు ముట్టుకుని కళ్ళకద్దుకోవడం లేదు. ఆ పని చేయబోయి వెనక్కి తీసుకోవడం కూడా లేదు. అలవాటు ఎప్పుడూ లేనట్టే బండి తీసుకుని వెళ్ళిపోయేవాడు. అమ్మకి చెబితే, అదేదో నా భ్రమ అంది.

నేను స్టేషను రోడ్డులో జిరాక్సు షాపులో పని చేస్తాను. ఏప్రిల్ చివర్లో దేవీప్రసాద్ గారని రిటైరైన లెక్కల మాస్టారు ఒక కరపత్రం టైపు చేయించుకోవడానికి వచ్చారు. కూర్మన్నపాలెంలో కళ్యాణమండపం, మే నెలలో మూడు ఆదివారాలు, రోజుకి రెండు ఆటలు, ఎవరైనా ఆడవచ్చు. ఆటగాళ్ళ పేర్ల జాబితా కూడా నేనే టైపు చేస్తానని ఒప్పుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆయన ఇచ్చిన కాగితాల్లో నలభై ఒకటో పేరు కె. జాన్‌బాబు. వృత్తి దగ్గర వాచ్‌మేన్ అని ఉంది.

నలభై రెండో పేరు నేను కలిపాను.

ఇంటికి వెళ్ళి నాన్నకి చెబితే ఆయన తాటిముంజలు ఒలుస్తున్నాడు. చేతిలో ఉన్న ముంజ ఒలవడం పూర్తిచేశాడు. కోప్పడతాడనుకున్నాను. “నాకు ఎత్తులు రాయడం రాదు గదమ్మా” అన్నాడు చివరికి. అది ఒప్పుకోవడమే. పక్కన ఒకరు కూర్చుని రాయడానికి దేవీప్రసాద్ గారి దగ్గర అనుమతి తీసుకున్నాను. నలభై ఒకటో పేరు సంగతి మాత్రం చెప్పలేదు. అరవైమంది దాకా చేరతారని అన్నారు, అంతమందిలో ఇద్దరూ ఎదురుపడతారని గ్యారంటీ ఏమీ లేదు.

మొదటి ఆదివారం హాల్లో అంతకుముందు పెళ్ళి తాలూకు బంతిపూల రేకులు ఇంకా మూలల్లో ఉన్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ఆగడం లేదు. దేవీప్రసాద్ గారు మైకులో నిబంధనలు చదివారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒకటే. “ముట్టుకుంటే కదపాలి. పావు మీద చెయ్యి వేశారంటే ఆ పావునే ఆడాలి. వంకరగా ఉన్నదాన్ని సర్దాలనుకుంటే ముందు నోటితో చెప్పి సర్దండి. తర్వాత చెబితే చెల్లదు.”

నాన్న నా వైపు వంగాడు. “అంటే సెయ్యి తగిల్తే సాలా?”

“చాలు నాన్నా.”

ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఐదు ఆటల్లోనూ, ఎత్తు వేసే క్షణం తప్ప మిగతా సమయమంతా అలాగే కూర్చున్నాడు.

అప్పుడే మావయ్యని చూశాడు. అవతలి వరసలో, అదే తెల్ల చొక్కా. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఇద్దరి చూపులూ ఒకసారి కలిశాయి. నాన్న తల ఎత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు చూడసాగాడు. నాకేసి తిరిగి నువ్వే చేశావా అని కూడా అడగలేదు.

మొదటి ఆట సుమంత్ అనే ఇంజనీరింగ్ కుర్రాడితో. ఆట ముదిరి రాజుకి దారి మూసుకుపోయే సమయానికి నాన్న ఊరి అలవాటుతో రాజుని ఎత్తి గుర్రం గెంతు వేయించాడు. సుమంత్ నవ్వాపుకోలేక నీళ్ళ సీసా ఎత్తి తాగాడు. దేవీప్రసాద్ గారు వచ్చి, “అలాంటి సదుపాయం ఇక్కడ లేదండీ శ్రీరామ్మూర్తి గారూ” అన్నారు. ఆ ఆట పోయింది. కానీ నాన్న తొందరగా నేర్చుకునే మనిషి. రెండో ఆదివారానికి బంటుని రెండు గళ్ళు నడపడం, రాజుని ఏనుగు చాటున దాచి కోట కట్టడం చేతికొచ్చాయి. ఐదు ఆటలు పూర్తయ్యేసరికి మూడు గెలిచాడు. రెండో ఆదివారం బ్యాంకులో పనిచేసే ఒకాయన ఓడిపోయి, “మీరు ఏ పుస్తకం చదివారండీ?” అని అడిగాడు. నాన్న నా వైపు చూపించి, “పుస్తకాలు మా అమ్మాయి సదువుతాది” అన్నాడు. ఆ సాయంత్రం చాలా నెలల తర్వాత ఇంట్లో నాన్న కూనిరాగం వినపడింది. అమ్మ వంటింట్లోంచి నా వైపు చూసి, నోటి మీద వేలు వేసుకుంది, ఆ పాటని ఆపకు అన్నట్టు.

చివరి ఆదివారం పొద్దుటి ఆట అయ్యాక దేవీప్రసాద్ గారు ఆరో ఆట జతల కాగితం నా చేతికిచ్చి గోడకి అంటించమన్నారు. సమానంగా గెలిచినవాళ్ళని ఒకరికొకరిని జతపరుస్తారు. పంతొమ్మిదో బల్ల. తెల్ల పావులు కె. జాన్‌బాబు, నల్ల పావులు పి. శ్రీరామ్మూర్తి.

నాన్న దాన్ని చదివి బయటికి వెళ్ళిపోయాడు. ఎండలో బండి పక్కన నిలబడ్డాడు. తాళంచెవి చేతిలో ఉంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాను. పావుగంట తర్వాత ఆయనే వచ్చి కూర్చున్నాడు. పెరుగన్నం కలిపి రెండు ముద్దలు తిన్నాడు.

“మీ మావయ్య పేరు నీకు ముందే తెలుసా?”

“టైపు చేసింది నేనే నాన్నా.”

“ఊఁ” అని చెయ్యి కడుక్కున్నాడు.

రెండున్నరకి ఆట మొదలైంది. అందరూ చేతులు కలుపుకున్నారు. వీళ్ళిద్దరూ కలుపుకోలేదు. మావయ్య కుడిచేత్తో రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తోసి పక్కనున్న ఆట గడియారం నొక్కాడు. వాటం లేని చెయ్యి కాబట్టి నెమ్మదిగా, చిన్నపిల్లలు గ్లాసు పట్టుకున్నంత జాగ్రత్తగా ఆడుతున్నాడు. నాన్న కూడా తన రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తోశాడు. మావయ్య గుర్రాన్ని బయటికి తీశాడు. అది నాన్న బంటు మీద కన్నేసింది. ఆ బంటుకి కాపలా పెట్టడం ఇప్పుడు నాన్న పని. అది మూడో తరగతి పిల్లకైనా తెలుస్తుంది.

నాన్న చేతులు ఆ రోజు తొడల కింద లేవు. ఎందుకు లేవో నాకు తెలీదు. ఎదురుగా ఆ తెల్ల చొక్కా, మధ్యలో బల్ల, భోజనం తర్వాత బద్ధకం. మేడ మీద ట్యాంకు నీడ ఒక్కటే తక్కువ. ఆయన కుడిచెయ్యి లేచింది, రాజు తలని రెండు వేళ్ళతో ముట్టుకుంది, కళ్ళ దగ్గరికి వెళ్ళింది.

పది నెలల తర్వాత మొదటిసారి.

నేను పెన్ను ఆపేశాను. మావయ్య బల్ల వైపు చూడటం లేదు. తల కొంచెం పైకెత్తి, నాన్న కళ్ళ మీద ఆనించి ఉన్న ఆ రెండు వేళ్ళనే చూస్తున్నాడు. కింద నిలబడి కేబిన్ వైపు చూసే మనిషి అలా చూస్తాడు. ఇదివరకు ఒకసారి చూసిన దాన్ని మళ్ళీ చూస్తున్నట్టుంది ఆ ముఖం. అప్పుడు నాకు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే, మొత్తం తెలిసింది.

నాన్న వేళ్ళు దించాడు. తను చేసిన పనిని అప్పుడు గమనించుకున్నాడు. చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. పక్క బల్లవాళ్ళు వాళ్ళ ఆటలో ఉన్నారు. కాపలా ఎత్తు ఏదో వేసేసి గడియారం నొక్కేస్తే సరిపోయేది. గడియారంలో నాన్న నిమిషాలు తరుగుతున్నాయి.

ఆయన చెయ్యి పైకెత్తి దేవీప్రసాద్ గారిని పిలిచాడు.

“నాను రాజుని ముట్టుకున్నాను సార్.”

దేవీప్రసాద్ గారు గడియారం ఆపారు. సంగతి విని నవ్వారు. దణ్ణం పెట్టుకోవడానికి ముట్టుకుంటే అది ఎత్తు వేయడం కిందికి రాదని, ఎదుటి ఆటగాడు ఫిర్యాదు చేస్తే తప్ప తాను పట్టించుకోనని చెప్పారు. మావయ్య వైపు తిరిగి, “మీరేమైనా అడుగుతున్నారా?” అన్నారు.

మావయ్య జేబులోంచి ఎడమ చెయ్యి తీసి బల్ల అంచు మీద పెట్టాడు. చూపించడానికి కాదు. ఊత కోసం అనుకుంటా.

“నానడగను సార్. ఆయనే సెప్పాల” అన్నాడు.

నాన్న ఆ చెయ్యి వైపు చూశాడు. ఆస్పత్రిలో చూడకుండా వచ్చేసిన చెయ్యి.

“ముట్టుకున్నాను” అన్నాడు మళ్ళీ, ఈసారి దేవీప్రసాద్ గారితో కాదు. “ముట్టుకుంటే కదిలినట్టే గదా బావా.”

రాజుకి కదలడానికి ఒకే గడి ఉంది. ముందున్న బంటు ఖాళీ చేసిన గడి. నాన్న రాజుని అక్కడికి తోసి గడియారం నొక్కాడు. చదరంగం తెలిసినవాళ్ళు ఎవరూ రెండో ఎత్తుకే రాజుని అలా బయటికి నడపరు. ఇక కోట కట్టుకునే హక్కు ఉండదు, మంత్రికీ శకటుకీ దారి మూసుకుపోతుంది. నేను కాగితం మీద కే, ఈ, ఏడు అని, అంటే రాజూ అది చేరిన గడీ, రాశాను. నా దస్తూరీ అప్పుడొక్కసారి వంకర పోయింది.

మావయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గుర్రంతో ఆ బంటుని తినేశాడు. జాలిపడి వదిలేస్తాడేమోనని భయపడ్డాను. వదలనందుకు ఆయన మీద నాకున్న గౌరవం పెరిగింది. నాన్న కూడా గట్టిగా ఊపిరి వదిలి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఆ తర్వాత రెండు గంటలు ఆడారు. అంత మంచి ఆట మేడ మీద ఎప్పుడూ ఆడలేదు. కోట లేని రాజుని నడిబజార్లో నడిపించడం ఊరి ఆట వచ్చిన నాన్నకి కొత్త కాదు. దొరికిన గళ్ళన్నీ వాడుకున్నాడు. మంత్రులు పోయాయి, గుర్రాలు పోయాయి, శకట్లూ ఏనుగులూ పోయాయి. మిగతా బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. బ్యాంకాయన, సుమంత్ మా వెనక వచ్చి నిలబడ్డారు. చివరికి రెండు వైపులా రాజులూ బంట్లూ మిగిలాయి. మావయ్యకి ఒక బంటు ఎక్కువ. మూడో ఎత్తుకి నాన్న బంటుని తిన్నందుకు వచ్చిన తేడా అది. యాభై ఎనిమిదో ఎత్తుకి ఆ ఎక్కువ బంటు చివరి గడి చేరి మంత్రి అయింది.

నాన్న గడియారం ఆపి చెయ్యి చాపాడు. మావయ్య పట్టుకున్నాడు.

“మీ ఊళ్ళో అయితే రాజుకి ఒక గెంతుండీది బావా” అన్నాడు. గొంతులో వెక్కిరింతా ఉంది, ఇంకేదో కూడా ఉంది. “వాడుకుంటే తప్పించుకుందువు.”

“ఉండీది” అన్నాడు నాన్న. “కిందటేడే వాడీసేను గదా.”

మావయ్య చెయ్యి వదల్లేదు. ఆట చివర ఇద్దరూ సంతకాలు పెట్టాలి కాబట్టి కాగితం ముందుకి తోశాను. నాన్న పెట్టాడు. మావయ్య పెన్నుని ఎడమ చేతికి మార్చుకుని, బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఇరికించుకుని, చాలాసేపు తీసుకుని పెట్టాడు.

తర్వాత ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. నాన్న యార్డుకి ఇంకో కాగితం ఇచ్చాక ఆయన్ని క్రేన్ మీదనుంచి దించేశారు. పని పోలేదు గానీ, ఇప్పుడు కిందే ఉండి కట్టలకి స్లింగులు తగిలిస్తున్నాడు, మావయ్య చేసిన పని. రిజిస్టరులో మావయ్య పేరు మీద ఉన్న తప్పు కొట్టేశారు. సిగ్నల్ ఇవ్వడానికి రమ్మని కబురు పంపారు. ఆయన రెండు నెలలు ఆలోచించి, వానలు తగ్గాక చేరాడు. కేబిన్‌లో ఇప్పుడు సాయిశంకర్ అనే కొత్త ఆపరేటరు ఉన్నాడు. అతనికి రెండు వేళ్ళ సైగ అలవాటు కావడానికి ఒక వారం పట్టిందట. అమ్మ నాతో పదిరోజులు మాట్లాడలేదు. నాన్నని ఏమీ అనలేక నన్ను అంది. “రాసింది నువ్వు. రాయనని ఒక్క మాట సెప్పలేకపోయేవేటి?” అంది. ఆదివారం మావయ్య వస్తున్నాడా అంటే, రాలేదు. ఇంకా రాలేదు. కానీ అటక మీదనుంచి బల్ల దిగింది, నాన్న తడిగుడ్డతో తుడిచి కిటికీలో పెట్టాడు.

నేను చెప్పాలనుకున్నది ఆ ఆదివారం సాయంత్రం సంగతి. కూర్మన్నపాలెం నుంచి బండి మీద వచ్చాం. ఇంటికి రాగానే నాన్న కాళ్ళు కడుక్కుని, నన్ను కూర్చోమన్నాడు. పది నెలల కిందట కూర్చున్న చోటే. కుడిచెయ్యి ఈసారి మోకాలి మీద ఉంది.

ఆయన చెబుతూ ఉంటే రాశాను. భోజనం అయ్యాక కేబిన్ ఎక్కాడు. అలవాటు చొప్పున లీవరు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. లీవరు వెంట్రుకవాసి కదిలింది. సైగ రాలేదు. కింద జాన్‌బాబు పైకి చూస్తూనే ఉన్నాడు. అంతే, ఐదు వాక్యాలు. ఆరోదానికి ఆయన మాటలు వెతుక్కున్నాడు.

“నాను ముట్టుకున్నాను అని రాయి. నాను ముట్టుకోనేదని మొన్న సెప్పింది అబద్ధం అని రాయి.” ఆగి, నా పెన్ను వైపు చూశాడు. “నాను సెప్పినట్టే రాయమ్మా. మొన్న నువ్వు రాసింది సదివితే ఎవరో సెప్పినట్టుంది.”

బడిలో మాస్టారు ఆ మాటకి ఎన్నిసార్లు ఎర్రసిరా గీత గీశారో. నా జీవితంలో ఎప్పుడూ కాగితం మీద దాన్ని పెట్టలేదు. ‘నాను’ అని రాశాను. ‘నాను ముట్టుకున్నాను’ అని రాశాను. చదివి వినిపించి, కాగితం ఆయన వైపు తిప్పాను.

ఈసారి ఏమీ దిద్దలేదు.